రోజూ వండుకునే వంటలే పంపండి: మన వంట పుస్తకం రెండో కూర్పు

పెద్దగరిటె (కూర్పు బాధ్యత):

అందరికీ నమస్కారం. రెండో కూర్పు పని మొదలుపెట్టాం. మొదటి దాంట్లో అందరూ తమ ఘనత చాటే వంటలు పంపారు. కేకులే కేకులు. పగలంతా పనిచేసి ఇంటికొచ్చి, ఆకలితో పుస్తకం తెరిస్తే అరగంటలో చేసుకోగలిగేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈసారి కోరేది ఒక్కటే: మీ ఇంట్లో ఎవరూ పుస్తకం చూడకుండా చేసే వంట పంపండి. "ఇదీ ఒక వంటేనా, దీన్నెవరు అడుగుతారు" అని మీకు అనిపిస్తే నాకు కావలసింది సరిగ్గా అదే.

అయితే సాదా వంటని రాయడమే కష్టం. మనకి అలవాటైపోయింది కాబట్టి సగం విషయం చెప్పకుండా వదిలేస్తాం. రాసేటప్పుడు నాలుగు సంగతులు మరిచిపోకండి: తూకం, గిన్నె సైజు, ఎంతమందికి సరిపోతుంది, ప్రతి దశలోనూ గిన్నెలో ఏం కనబడాలి. నమూనాగా మా ఇంటి ఎర్ర పప్పు సూప్ పెడుతున్నా.

నలుగురికి. మసూర్ పప్పు 200 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, క్యారట్ ఒకటి, వెల్లుల్లి మూడు రెబ్బలు, టమాటాలు రెండు, నూనె 2 టేబుల్ స్పూన్లు, నీళ్ళు 1.2 లీటర్లు, ఉప్పు 9 గ్రాములు, అర నిమ్మచెక్క. అడుగు మందంగా ఉన్న మూడు లీటర్ల గిన్నెలో నూనె వేడిచేసి ఉల్లి, క్యారట్ ముక్కలు మధ్యస్థంగా ఉన్న మంట మీద వేయించాలి. ఉల్లి రంగు మారక్కర్లేదు, అంచులు అద్దంలా కనబడితే చాలు. వెల్లుల్లి వేసి వాసన రాగానే కడిగిన పప్పు, నీళ్ళు పొయ్యాలి. మరుగు రాగానే పైకి తేలే తెల్లటి నురగ గరిటెతో తీసెయ్యండి. మూత ఓరగా పెట్టి సన్న సెగ మీద 20 నిమిషాలు ఉంచాలి. పప్పు బద్ద రూపం పోయి నీళ్ళు చిక్కబడ్డాక టమాటాలు, ఉప్పు వేసి ఇంకో 10 నిమిషాలు. గరిటె వెనక్కి తిప్పి గిన్నె పక్కకి నొక్కుతూ కాస్త మెదిపి, దింపాక నిమ్మరసం పిండండి. మర్నాటికి ముద్దలా గట్టిపడుతుంది, కంగారు పడొద్దు. వేడినీళ్ళు పోసి పలచన చేసి ఉప్పు మళ్ళీ చూసుకోండి.

కొత్తకాపురం:

అక్కా, రెండు అనుమానాలు. టమాటా ఉల్లిపాయతో పాటే వేసేస్తే ఏమవుతుంది? ఒకే పనిలో అయిపోతుంది కదా. రెండోది, పెద్ద ఉల్లిపాయ అంటే ఎంత పెద్దది?

పెద్దగరిటె:

పులుపు తగిలితే పప్పు మెత్తబడటానికి మొండికేస్తుంది. గింజలోని కణాల గోడల్ని అతికిపెట్టి ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు. మసూర్ చిన్న బద్ద కాబట్టి ఎలాగో ఉడికిపోతుంది గానీ శనగలకో బీన్స్‌కో ఇదే పని చేస్తే గంట ఎక్కువ కూర్చోవాలి. అందుకని ఏ గింజకైనా అలవాటు ఒకటే: ముందు మెత్తబడాలి, తర్వాతే టమాటా, నిమ్మ, వెనిగర్.

ఉల్లిపాయ 150 గ్రాములు. మంచి ప్రశ్న, పుస్తకంలో అలాగే మార్చేస్తా.

లెక్కలమాస్టారు:

అలా గ్రాముల్లో రాసే అలవాటు అందరూ చేసుకుంటే బావుంటుంది. "కప్పు" అనే మాటని ఈసారి పుస్తకంలోంచి పూర్తిగా తీసెయ్యమని నా మనవి. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. మెట్రిక్ కప్పు 250. మనం టీ తాగే కప్పు ఎంతో దేవుడికే తెలియాలి. టేబుల్ స్పూన్ చాలాచోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా పుస్తకాల్లో 20. టీస్పూన్ ఒక్కటే అన్నిచోట్లా 5.

నీళ్ళ విషయంలో ఈ తేడాలు పెద్దగా బాధించవు. పిండితోనే గొడవ. మైదాని చెంచాతో తేలిగ్గా కప్పులోకి వేసి పైన చదును చేస్తే 120 గ్రాములు వస్తుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా వస్తుంది. ఇద్దరూ "రెండు కప్పులు" అనే రాస్తారు. ఒకరి కేకు పొంగుతుంది, ఇంకొకరిది ఇటుకవుతుంది. ఉప్పు ఇంకా ఘోరం. సన్నటి ఉప్పు టీస్పూన్‌కి 6 గ్రాములు. రేకుల్లా ఉండే ఉప్పు అదే చెంచాలో అందులో సగమే పడుతుంది. పెద్దగరిటె గారు ఉప్పు గ్రాముల్లో ఇచ్చారు, చాలా సంతోషం.

గుప్పెడు:

మాస్టారూ, మీకు దండం. మా ఇంట్ల కాటా లేదు, ఉన్నా మా అమ్మ దాన్ని ముట్టదు. ఉప్పు ఎంతనే అని అడిగితె "సరిపోయినంత" అంటది. నీళ్ళు ఎన్ని అంటె "మునిగేదాంక" అంటది. గదే కరెక్టు అనిపిస్తది నాకు. ఒక టమాటాల నీళ్ళు ఎక్కువుంటయి, ఇంకోదాంట్ల తక్కువుంటయి. మీరు గ్రాములు రాసిండ్రని కొత్తోళ్ళు రుచి చూడకుండ గుడ్డిగ వేస్తరు. గ్రాము లెక్క రాస్తె వంట వచ్చినట్టేనా?

అయినా అడిగిండ్రు కాబట్టి ఒకటి పెడ్తున్న. ఆలుగడ్డలు కిలో, చిన్నయి, పొట్టుతోనే. చల్లటి నీళ్ళల్ల వేసి పొయ్యి మీద పెట్టాలె. మరిగే నీళ్ళల్ల వేస్తె బయట చిట్లిపోతది, నడుమల పచ్చిగుంటది. నీళ్ళకు ఉప్పు గట్టిగనే వెయ్యాలె. చాకు దింపితె అడ్డం లేకుండ పోవాలె. నీళ్ళు ఒంపి, ఖాళీ గిన్నెలనే ఐదు నిమిషాలు మూత లేకుండ వదిలెయ్యాలె. ఆవిరంత పోవాలె. గిది మస్తు ముఖ్యం, తడి ఉంటె కరకరలాడదు. తర్వాత ట్రేల పరిచి ఒక్కోదాన్ని గిలాస అడుగుతోని మెల్లగ నొక్కాలె. విడిపోవద్దు, పగుళ్ళు రావాలె. నూనె ధారాళంగ పోసి, ఓవెన్ల 220 డిగ్రీల మీద అంచులు గోధుమరంగు దిరిగేదాంక. నలభై నిమిషాలు అనుకోండ్రి. నడుమల ఒక్కపారి తిప్పాలె. పైన మిరియాలు, ఇష్టమున్న ఆకు ఏదన్న.

లెక్కలమాస్టారు:

"గట్టిగనే" అంటే లీటరుకి 10 గ్రాములని రాసుకోమంటారా?

గుప్పెడు:

మీ ఇష్టం, మీరు రాసుకోండ్రి, నేనైతె చేత్తోనే వేస్త 😄

వంటింటిగూఢచారి:

ఇద్దరి మాటా నిలిచే దారి ఒకటుంది. మా కుటుంబం వంటలన్నీ నేను ఇలాగే రాసుకున్నా. పెద్దవాళ్ళని వంట మధ్యలో ఆపి "ఎంత వేశావు" అని అడగొద్దు. అడగ్గానే చెయ్యి ఆలోచించడం మొదలుపెడుతుంది, రోజూ వేసేదానికంటే తేడాగా వేస్తారు. వాళ్ళ వంట వాళ్ళని చేసుకోనివ్వండి. మీరు చెయ్యాల్సింది ముందే ఉప్పు డబ్బా, నూనె సీసా, పిండి డబ్బా, మసాలా డబ్బాలు తూకం వేసి కాగితం మీద రాసి పెట్టుకోవడం. వంట అయ్యాక మళ్ళీ తూచండి. తగ్గినంతా గిన్నెలోకి వెళ్ళినట్టే. ఒలకడం, చేతికంటడం వల్ల కాస్త తేడా వస్తుంది గానీ రెండుమూడుసార్లు ఇలా చేస్తే సగటు తేలిపోతుంది. ఇంకో సంగతి కూడా తెలుస్తుంది: వాళ్ళ "చేతి అంచనా" మనం అనుకున్నంత అంచనా కాదు, వారం తర్వాత తూచినా దాదాపు అంతే వస్తుంది.

నీళ్ళకి కూడా ఇదే లెక్క. ఖాళీ గిన్నె బరువు ముందే చూసి పెట్టుకోండి. వంట దింపాక గిన్నెతో సహా తూస్తే, వేసిన వాటి మొత్తంలోంచి ఎంత ఆవిరైపోయిందో తెలుస్తుంది. "చిక్కబడేవరకు" అని రాసేబదులు "లీటరు పులుసు ముప్పావు లీటరయ్యేవరకు" అని రాయొచ్చు.

ఇక సమయం గురించి. "ఎంతసేపు వేయించాలి" అని అడిగితే అందరూ "ఓ ఐదు నిమిషాలు" అనేస్తారు. అలా అడగొద్దు. వాళ్ళు గరిటె ఆపి తర్వాతి పదార్థం తీసుకున్న క్షణంలో "ఇప్పుడే ఎందుకు ఆపావు?" అనండి. "నూనె పైకి తేలింది చూడు", "చిటపట తగ్గింది", "పచ్చివాసన పోయింది" అని జవాబొస్తుంది. పుస్తకానికి ఎక్కాల్సింది ఆ జవాబు.

గుప్పెడు:

గిది మంచిగుంది. అమ్మకు చెప్పకుండ డబ్బాలు తూస్త. గని పుస్తకంల "రుచి చూసి సరిచేసుకోండి" అని కూడ రాయాలె, నా షరతు.

పెద్దగరిటె:

మీ షరతు ఒప్పుకున్నా. గ్రాములు మొదట, రుచి చూడమన్న మాట వెంటనే. ఉప్పు ఎప్పుడు చూడాలో కూడా రాయాలి. పులుసు సగం ఆవిరయ్యే వంటలో మొదట్లోనే సరిపెడితే చివరికి నోట పెట్టుకోలేం.

రాత్రిడ్యూటీ:

ఉల్లిపాయల గురించి ప్రపంచంలోని వంట పుస్తకాలన్నీ అబద్ధం చెప్తున్నాయని నా నమ్మకం. "బంగారు గోధుమరంగు వచ్చేవరకు, 8 నుంచి 10 నిమిషాలు." పది నిమిషాల్లో ఉల్లిపాయ మెత్తబడుతుంది, అంచులు కాస్త రంగు తిరుగుతాయి, అంతే. జామ్ లాగా తియ్యగా, ముదురురంగులో కావాలంటే ముప్పావు గంట పైమాటే. ఉల్లిపాయలో నూటికి దాదాపు తొంభై వంతులు నీళ్ళే. అవి పోయేదాకా వేడి మరిగే నీటి వేడిని దాటదు, దాటితే గానీ రంగు మారదు.

నేను పంపేది ఇదే. ఉల్లిపాయలు కిలో సన్నగా నిలువుగా తరగాలి. వెడల్పాటి మూకుడు, వెన్న 30 గ్రాములు, నూనె ఒక టేబుల్ స్పూన్, ఉప్పు 5 గ్రాములు. మొదటి పది నిమిషాలు మూత పెట్టాలి, నీళ్ళు ఊరతాయి. తర్వాత మూత తీసి మధ్యస్థం కంటే కాస్త తక్కువ మంట. అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంది, అదే రుచంతా. రెండు చెంచాల నీళ్ళు చల్లి అట్లకాడతో గీరి కలిపెయ్యండి. ఇలా మూడునాలుగుసార్లు. కిలో కాస్తా పావుకిలోకి దగ్గరగా వస్తుంది. కాల్చిన రొట్టె మీద వేసి పైన గుడ్డు పెడితే ఒక పూట గడిచిపోతుంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే ఏ సూప్‌లోనైనా ఒక ముక్క పడెయ్యొచ్చు.

చిటికెడు బేకింగ్ సోడా వేస్తే త్వరగా రంగు వస్తుందంటారు. నిజమే, వస్తుంది. కానీ గుజ్జైపోతుంది. సూప్‌కైతే ఫరవాలేదు, రొట్టె మీదకైతే వద్దు.

కొత్తకాపురం:

నాకు వచ్చిందల్లా ఉడికించిన గుడ్డు. పంపమంటారా, నవ్వుతారా?

పెద్దగరిటె:

పంపు తల్లీ. మొదటి పేజీలో వేస్తా.

కొత్తకాపురం:

సరే. గుడ్లు చల్లనీళ్ళలో కాకుండా మరిగే నీళ్ళలోకి చెంచాతో మెల్లగా దించాలి. పెంకు సులువుగా వస్తుంది. చల్లనీళ్ళలో పెట్టి మెల్లగా వేడిచేస్తే తెల్లసొన లోపలి పొరకి అంటుకుపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మామూలు సైజు గుడ్డు ఏడు నిమిషాలైతే పచ్చసొన జారుడుగా, చిక్కటి తేనెలా ఉంటుంది. పన్నెండు నిమిషాలైతే పూర్తిగా గట్టి. నీళ్ళు పొర్లేంత మంట వద్దు, గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి. తీయగానే ఐస్ వేసిన నీళ్ళలో వెయ్యాలి. లేకపోతే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉండి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది.

ఇంకో మాట. మరీ తాజా గుడ్లు ఒలవడం నరకం. వారం పదిరోజులు నిలవున్నవి మేలు. గుడ్డులోని కార్బన్ డయాక్సైడ్ పెంకు రంధ్రాల్లోంచి మెల్లగా బయటికి పోయి తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది, అప్పుడు పొరకి అంతగా అతుక్కోదు.

కొండమీదిఇల్లు:

చిన్న సవరణ అనుకోకండి, మాలాంటివాళ్ళ బాధ. ఎత్తు పెరిగే కొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి, ప్రతి 300 మీటర్లకి దాదాపు ఒక డిగ్రీ చొప్పున. 1,500 మీటర్ల ఎత్తులో 95 డిగ్రీలకే మరుగుతాయి. మీ పన్నెండు నిమిషాల గుడ్డు మాకు పూర్తిగా గట్టిపడదు. పప్పు, బీన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్రెషర్ కుక్కర్ లేకపోతే పూట గడవదు. అందుకే పైన గూఢచారి గారు అన్నట్టు నిమిషాలతో పాటు గుర్తు కూడా రాయండి. "పప్పు బద్ద రూపం పోయేవరకు" అన్న మాట ఏ ఎత్తులోనైనా పనిచేస్తుంది.

సోమరిపోతు:

నాది అన్నిటికంటే తేలిక. రాజ్మా 2 కప్పులు (మాస్టారు క్షమించాలి), టమాటాలు నాలుగు, ఉల్లిపాయ, వెల్లుల్లి, క్యాప్సికం, కారం, జీలకర్రపొడి, ఉప్పు. అన్నీ కరెంటు మీద మెల్లగా ఉడికించే స్లో కుక్కర్‌లో పడేసి, తక్కువ వేడి మీద పెట్టి పనికెళ్ళిపోండి. ఎనిమిది గంటల తర్వాత వచ్చి తినండి. అంతే. వేయించేది లేదు, కలిపేది లేదు.

ల్యాబ్‌కోటు:

ఆగండి. ఇది ఉన్నదున్నట్టు పుస్తకంలోకి వెళ్ళకూడదు.

పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (విషంలా పనిచేసే ఒక ప్రోటీన్) ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లో భరించలేని వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గట్టిగా మరిగిస్తే అది నశిస్తుంది. స్లో కుక్కర్ తక్కువ వేడి మీద చాలాసార్లు 80 డిగ్రీలు కూడా దాటదు. ఆ వేడికి గింజ మెత్తబడుతుంది, తినేవాళ్ళకి ఉడికినట్టే అనిపిస్తుంది, విషం మాత్రం పోదు. పచ్చిదానికంటే ఇంకా ఎక్కువవుతుందని కూడా చూశారు. పద్ధతి ఇది: కనీసం ఐదు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్ళు పారబోయాలి. కొత్త నీళ్ళలో బుడగలు గట్టిగా పొర్లేలా 30 నిమిషాలు మరిగించాలి. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో ఎంతసేపైనా ఉంచుకోండి.

సోమరిపోతు:

ఇన్నేళ్ళుగా చేస్తున్నా, మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదండీ. మీరు మరీ భయపెడుతున్నారు.

వంటింటిగూఢచారి:

సోమరి గారూ, మీరు వేసేది ఎండు గింజలా, డబ్బాలోవా?

సోమరిపోతు:

డబ్బాలోవే! ఎండువి నానబెట్టే ఓపిక ఉంటే ఈ పేరెందుకు పెట్టుకుంటా?

ల్యాబ్‌కోటు:

హమ్మయ్య. డబ్బాలోవి డబ్బాలోనే ఉడికి వస్తాయి, భయం లేదు. మీ ఇంట్లో "రాజ్మా" అంటే డబ్బా అని అందరికీ తెలుసు. పుస్తకం చదివే మనిషికి తెలియదు కదా. "డబ్బా రాజ్మా, నీళ్ళు ఒంపినవి" అని రాయండి. 400 గ్రాముల డబ్బాలో నీళ్ళు ఒంపాక గింజలు 240 గ్రాముల చుట్టూ ఉంటాయి, తూకం కూడా వేసెయ్యండి. పక్కనే చిన్న అక్షరాల్లో "ఎండు గింజలైతే ముందు నానబెట్టి, 30 నిమిషాలు గట్టిగా మరిగించాలి" అన్న వాక్యం తప్పనిసరి.

ఇలాంటి పుస్తకాల్లో తరచూ కనబడే ఇంకో ప్రమాదం ఉంది, ఎవరైనా పంపకముందే చెప్తున్నా. పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి సీసాలో గట్టు మీద నిలవ ఉంచే వంట. గాలి తగలని, పులుపు లేని చోట బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే క్రిమి పెరుగుతుంది. రంగు మారదు, వాసన రాదు. కావలసినంత చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లోపు వాడెయ్యాలి. మిగిలిన అన్నం సంగతీ అంతే. గంటలోపు వెడల్పు పళ్ళెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా తయారుచేసే విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

పెద్దగరిటె:

ల్యాబ్‌కోటు గారు, అచ్చుకి వెళ్ళేముందు అన్ని పేజీలూ ఒకసారి మీ కళ్ళ ముందు నుంచి పోవాలి. బతిమాలుతున్నా.

తీపిముక్క:

కేకులు వద్దన్నారు కానీ అరటిపండు బ్రెడ్ కేకు కాదు కదా? 😇

బాగా నల్లమచ్చలు పడ్డ అరటిపళ్ళు మూడు (తొక్క తీశాక 330 గ్రాములు), కరిగించిన వెన్న 75 గ్రాములు, పంచదార 130, గుడ్డు ఒకటి, మైదా 190, బేకింగ్ సోడా ఒక టీస్పూన్, చిటికెడు ఉప్పు. పళ్ళు ఫోర్కుతో మెదిపి, వెన్న, పంచదార, గుడ్డు కలిపి, సోడా, ఉప్పు చల్లి, చివర్లో మైదా వేసి పొడి పిండి కనబడనంతవరకే కలపాలి. ఉండలున్నా సరే, ఆపెయ్యాలి. ఎక్కువ కలిపితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సాగి బ్రెడ్ రబ్బరులా వస్తుంది. 23 సెంటీమీటర్ల పొడవు, 13 వెడల్పు ఉన్న బ్రెడ్ టిన్నులో, 175 డిగ్రీల మీద 55 నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, తేమగా ఉన్న బ్రెడ్ రేణువులు రెండుమూడు అంటితే మంచిదే.

రాత్రిడ్యూటీ:

అచ్చం మాది కూడా ఇదే, పంచదార కాస్త తక్కువ.

కొండమీదిఇల్లు:

మాదీ ఇదే, అక్రోట్లు వేస్తాం.

పెద్దగరిటె:

నాకు విడిగా వచ్చినవి కూడా కలిపితే అరటి బ్రెడ్లే ఐదు. ఐదు పేజీలు ఇవ్వలేను. ఒక వంట, కింద "మా ఇంట్లో ఇలా" అని ఒక్కొక్కరికి రెండు వాక్యాలు. అందరి పేర్లూ వస్తాయి. ఎవరూ అలగొద్దు.

లెక్కలమాస్టారు:

సోడా బదులు బేకింగ్ పౌడర్ వెయ్యొచ్చా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వెయ్యొచ్చు, దాదాపు మూడింతలు. సోడాకి పులుపు తోడు కావాలి, ఇక్కడ పండిన అరటిపండే కొంత ఆ పని చేస్తుంది. పౌడర్‌లో పులుపు ముందే కలిపి ఉంటుంది. పౌడర్‌తో బ్రెడ్ కాస్త తెల్లగా వస్తుంది, ఆ ముదురురంగు రాదు.

గిన్నె మార్చేవాళ్ళకి ఇంకో లెక్క. గుండ్రటి 20 సెంటీమీటర్ల టిన్నుకి రాసిన వంటని 23 సెంటీమీటర్ల దాంట్లో పోస్తే మూడే కదా తేడా అనుకుంటాం. వైశాల్యం 314 నుంచి 415 చదరపు సెంటీమీటర్లవుతుంది, మూడో వంతు ఎక్కువ. పిండి పలచగా పరుచుకుని ఎండిపోతుంది. అదే ఎత్తు కావాలంటే అన్నీ 1.3 రెట్లు చెయ్యాలి. 20 సెంటీమీటర్ల చదరపు టిన్ను ఉంటే అది 400, అంటే గుండ్రటి 23కి దాదాపు సమానం. ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చు.

పాతపేజీ:

వంటలు నాకు రావు, పాత వంట పుస్తకాలు పోగేస్తుంటా. ఇలా అందరి దగ్గరా వంటలు అడిగి, అచ్చువేసి, అమ్మి, వచ్చిన డబ్బు మంచి పనికివ్వడం కొత్త సంగతేం కాదు. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతుండగా 1864లో ఫిలడెల్ఫియాలో గాయపడ్డ సైనికుల సహాయానికి పెద్ద ప్రదర్శన పెట్టారు. అక్కడ అమ్మడానికి వేసిన వంట పుస్తకాన్నే ఆ దేశంలో ఈ కోవలో మొదటిదని చెప్తారు. తర్వాత చర్చిలు, మహిళా సంఘాలు ఈ దారి పట్టాయి.

ఆ పాత పుస్తకాల్లో ఓవెన్‌కి డిగ్రీలుండవు. "సన్న ఓవెన్", "మధ్యస్థం", "వేడి ఓవెన్" అని ఉంటుంది. సన్న అంటే 150 చుట్టుపక్కల, మధ్యస్థం 180, వేడి అంటే 200 దాటి అనుకోవచ్చు. మీ ఇంటి కాగితాల్లో అలాంటి మాటలుంటే డిగ్రీలు పక్కన రాయండి, పాత మాట మాత్రం కొట్టెయ్యకండి. చదవడానికి బావుంటుంది.

తీపిముక్క:

ఇంకో సందేహం. మా నాయనమ్మ "రహస్యం" అని ఎవరికీ చెప్పని కస్టర్డ్ ఒకటుంది. ఆవిడ పోయాక కాగితం దొరికింది. చూస్తే కస్టర్డ్ పౌడర్ డబ్బా వెనకాల ఉన్నదే, మాట పొల్లుపోకుండా! దాన్ని పంపొచ్చా?

పాతపేజీ:

హహ్హ. ప్రతి కుటుంబంలోనూ ఒక రహస్యం అట్ట డబ్బా వెనకే పుడుతుంది. పదార్థాల జాబితా, కొలతలు మాత్రమే అయితే వాటి మీద ఎవరికీ హక్కుండదని అమెరికా కాపీరైట్ కార్యాలయం స్పష్టంగా చెప్తుంది. వివరించిన వాక్యాల మీద మాత్రం హక్కు ఉండొచ్చు. కాబట్టి వండే విధానం మీ మాటల్లో రాయండి, డబ్బా మీద చూసి నేర్చుకున్నదని ఒక ముక్క చెప్పండి. నాయనమ్మ గుట్టు దాచిన సంగతి తప్పకుండా రాయండి, అదే అందరూ చదువుతారు.

పెద్దగరిటె:

ఇప్పుడు వండి చూసే పని. నియమం ఒకటే: పంపినవాళ్ళు కాదు, ఆ వంట ఎప్పుడూ తినని వాళ్ళు వండాలి. తిన్నవాళ్ళకి నాలుక గుర్తుచేస్తుంది, కాగితంలో లేనిది కూడా చేసేస్తారు. వండుతూ ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ ఫోన్ చేసి అడగాలనిపించిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఫోన్ మాత్రం చెయ్యొద్దు.

నా సూప్ కొండమీదిఇల్లు గారికి. ఎత్తులో పప్పు ఎంతసేపు పడుతుందో తెలియాలి. గుప్పెడు గారి ఆలుగడ్డలు కొత్తకాపురానికి. ఉల్లిపాయలు మాస్టారికి. అరటి బ్రెడ్ సోమరిపోతు గారికి.

లెక్కలమాస్టారు:

ముప్పావు గంట ఉల్లిపాయల ముందు నిలబడమంటారా! సరే. ప్రతి పది నిమిషాలకీ తూకం వేసి పెడతా.

గుప్పెడు:

కొత్తకాపురం, ఆవిరి పోయేదాంక ఆగుర్రి, తొందరపడొద్దు. గది ఒక్కటే చెప్తున్న, ఇంకేం చెప్ప.

పెద్దగరిటె:

ఇదిగో, ఇలా చెప్పకూడదనే నియమం పెట్టింది! 😄 కాగితంలో ఉంది కదా, చాలు.

సోమరిపోతు:

నాకు బేకింగ్ రాదు, అందుకే ఇచ్చారని అర్థమైంది. మా ఇంట్లో ఇద్దరమే. మొత్తం బ్రెడ్ ఒకేసారి తినలేం, సగం కొలతలతో చేస్తే గుడ్డు సగం ఎలా చెయ్యాలి?

తీపిముక్క:

సగం చెయ్యకండి, టిన్ను సైజు, సమయం అన్నీ మారిపోతాయి. పూర్తిగా చేసి, బాగా చల్లారాక ముక్కలు కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య బేకింగ్ కాగితం పెట్టి సంచిలో గాలి లేకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. రెండు మూడు నెలలు బావుంటాయి. కావాలన్నప్పుడు ఒక ముక్క తీసి నేరుగా టోస్టర్‌లో వేసుకోవడమే.